మోటారు ఆడుతుంటే వెలిగే చుక్క

మే నెల మిట్టమధ్యాహ్నం క్రిస్మస్ నక్షత్రం వెలగడం చూసినవాళ్ళు ఎక్కువమంది ఉండరు. నేను చూశాను. రాజాంలో బస్సు దిగి, పొందూరు బస్సు ఎంతకీ రాకపోతే కాస్త ముందుకు నడుద్దామని బయల్దేరాను. నా నడక విషయంలో 'కాస్త' అనే మాట ఏనాడూ నిలబడలేదు. ఊళ్ళు దాటిపోయాయి. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటున్న ఒకచోట, రోడ్డు పక్క డాబా మీద వెదురుగడకి కట్టిన ఎర్ర నక్షత్రం కనిపించింది. లోపల బల్బు నిజంగానే వెలుగుతోందా, ఎండే అలా మెరిపిస్తోందా అని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను.

ఆ ఇంటి ముందు కుళాయి దగ్గర చేపలమ్మే బుల్లమ్మ తన తట్టలు కడుక్కుంటోంది. ఈ కాలంలో నక్షత్రం ఏమిటమ్మా అని అడిగితే తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మోటరు ఆడతన్నాది బాబూ. అది ఎలుగుతున్నప్పుడే నీలట్టుకోవాల. మీరూ సీసా నింపుకోండి."

కళింగపట్నంలో ఓడలకి దారి చూపే దీపస్తంభం కింద కూర్చుని పొద్దు గడిపినవాణ్ణి నేను. గజపతినగరం స్టేషన్లో సిగ్నలు ఎరుపు నుంచి పచ్చకి మారేలోగా ఒక లావుపాటి పుస్తకం ముగించినవాణ్ణి. మనిషి దూరాన ఉన్నవాడికి కబురు పంపడానికి వెలుగుని ఎన్ని రకాలుగా వాడుకున్నాడో చదివాను కూడా. ఇంటి బావిలో మోటారు నడుస్తోందని ఊరికి చాటే నక్షత్రం గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. సీసా నిండినా కదలబుద్ధి కాలేదు. ఇంటాయన అబ్రహాం, ఆయన భార్య లీలారాణి నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. ఇద్దరూ చెప్పినదీ, అడక్కుండానే బుల్లమ్మ కలిపినదీ ఇక్కడ రాస్తున్నాను.

అబ్రహాం జూటుమిల్లులో మగ్గాల మీద పనిచేసి రిటైరైన మనిషి. జూటుమిల్లు లోపలికి ఒకసారి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, అక్కడ మాట అనేది నోటికి సంబంధించిన వ్యవహారమే తప్ప చెవికి సంబంధించింది కాదు. పెదాలు చూసి మాట్లాడుకుంటారు. మగ్గం సరిగ్గా ఆడుతోందో లేదో అరికాలితో తెలుసుకుంటారు. చెప్పులు విప్పి నేల మీద కాలు పెడితే, ఆ అదురులోనే అన్నీ తెలిసిపోతాయి. పొందూరులో నూలు వడికే ముసలమ్మలు కళ్ళు మూసుకుని వేళ్ళతో దారం మంచిచెడ్డలు చెబుతారు. అది వేళ్ళ చదువు, ఇది కాళ్ళ చదువు. ఆ చదువు ముగిసేసరికి అబ్రహాం చెవులు పోయాయి. మిల్లులో దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు, జుట్టు నెరవడం లాంటిదే. అందుకని అబ్రహాం కూడా ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. రోడ్డుకి అవతల బాప్టిస్టు మందిరంలో డోలక్ ఆయనది. పెళ్ళి కాకముందు నుంచీ కిటికీ పక్క ఒక చాప మీద కూర్చుని వాయిస్తున్నాడు. అరికాలు గచ్చుకి ఆనించి, పాట ఎత్తే షాలిని తల ఊపు చూస్తూ దెబ్బ వేస్తాడు. ఇప్పుడు షాలిని దగ్గర కీబోర్డు ఉంది. దాని మీద ఒక మీట నొక్కితే డోలక్ దానంతటదే మోగుతుంది. పాస్టరు జేమ్స్ గారు ఆ మీట వైపు అప్పుడప్పుడు ముచ్చటగా చూడడం అబ్రహాం గమనించాడు. తన చెవి సంగతి బయటపడితే ఆ చాప మీట పాలవుతుంది. ఆయన భయమంతా అదే.

పాత మోటారు ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. అది బావి గట్టు మీద కూర్చుని అరుగంతా అదరగొట్టేది. మంచం కోళ్ళ గుండా అబ్రహాం వెన్నులోకి వచ్చేది. అది చచ్చిపోయాక మెకానిక్కు కొత్తరకం మోటారు తెచ్చి బావిలో నీళ్ళ అడుగున దించాడు. అది నవ్వదు, ఏడవదు. లీలారాణి మోటారు వేసి, ట్యాంకు నిండితే ఆపమని చెప్పి స్త్రీల కూటానికి వెళ్ళింది. అబ్రహాం పేపరు చదువుతూ కూర్చున్నాడు. వెనక ట్యాంకు పొంగి, గోడ మీంచి ధారలు కట్టి, పక్కవాళ్ళ పిడకలు కరిగిపోయి, బావి ఎండిపోయి, మోటారు గాలి పీల్చి కాలిపోయింది. పేపరు మాత్రం పూర్తయింది.

రెండోసారి కూడా అలాగే అయ్యాక లీలారాణి తీర్పు చెప్పేసింది. తను లాక్కెళితే రాజాంలో ఉచిత శిబిరంలో ఇచ్చిన చెవిమిషను ఇంట్లోనే ఉంది. అబ్రహాం దాన్ని బియ్యం డబ్బాలో అడుగున దాచాడు. బియ్యం తీసేది ఆవిడే అన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఇంకోసారి మోటారు కాలితే ఆ మిషను చెవికెక్కాల్సిందే, ఆదివారం మందిరంలో కూడా తియ్యడానికి వీల్లేదు. ఆయన ఒప్పుకున్నాడు, వేరే దారి లేక.

మొదట కాళ్ళ చదువునే నమ్ముకున్నాడు. మోటారు వేసినంతసేపూ ఒక కాలు పైపు మీద పెట్టి కూర్చునేవాడు. ఆ కాలికి మాత్రమే జలుబు చేసిందని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. తర్వాత అటక మీద నక్షత్రం కళ్ళబడింది. మోటారు స్టార్టరు నుంచి ఒక తీగ లాగి నక్షత్రానికి కలిపాడు. మోటారు ఆడితే చుక్క వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. అరుగు మీద నుంచీ కనిపిస్తుంది, కిటికీలోంచి మందిరానికీ కనిపిస్తుంది.

ఊరికీ కనిపిస్తుందన్న సంగతి ఆయన లెక్కలో లేదు. వారం తిరక్కుండానే చుక్క వెలిగితే బిందెలు బయల్దేరడం మొదలైంది. పెళ్ళివారొకరు వంటకి ముహూర్తం ఈ చుక్కని చూసి పెట్టుకున్నారు. బుల్లమ్మ సముద్రం ఒడ్డు నుంచి బస్సులో వచ్చే మనిషి, చుక్క కనిపిస్తేనే ఈ స్టాపులో దిగేది. లేకపోతే టికెట్టు పొడిగించుకుని పోయేది.

ఇలా ఉండగా డిసెంబరు వచ్చింది. వీధిలో ప్రతి ఇంటి మీదా నక్షత్రాలు వెలిగాయి, ఒక్క అబ్రహాం ఇంటి మీద తప్ప. చీకటి పడ్డాక అక్కడ మోటారు వెయ్యరు. సంవత్సరమంతా వెలిగిన చుక్క పండగ నెలలో చీకటిగా ఉందని జనం చెప్పుకున్నారు. పాస్టరు గారు వచ్చి డోలక్ వాయించే పెద్దమనిషి ఇల్లే ఇలా ఉంటే ఎలాగని మెల్లగా అడిగారు. వేరే తీగ వేసి వెలిగించమంది లీలారాణి. అబ్రహాం ససేమిరా అన్నాడు.

"మోటరు ఆడకండా ఎలిగిందనుకో, అబద్ధమాడినట్టే కదేటి. ఒక్కసారి అబద్ధమాడితే ఆ సుక్కని మరి నమ్మేదెలా?"

అందుకని మోటారే వేశాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం నుంచీ. ట్యాంకు పొంగకుండా, దానికి ఒక గొట్టం తగిలించి ఆ కొస మళ్ళీ బావిలోకే వదిలాడు. నీళ్ళు బావిలోంచి డాబా మీదికెక్కి, డాబా మీంచి బావిలోకి దిగుతున్నాయి. ఎవరికీ ఒక్క చుక్క ఉపయోగం లేదు, నక్షత్రం మాత్రం దివ్యంగా వెలుగుతోంది. గ్రహాలు తిరగడం గురించి నేను చదివిన పుస్తకాల్లో కూడా ఇంతకంటే నికరమైన ఏర్పాటు కనపడలేదు.

పండగనాడు పొద్దున్న అందరూ మందిరంలో ఉన్నారు. బుల్లమ్మ బస్సు దిగింది. ఆవిడకి పండగ లేదు గానీ, నక్షత్రం ఉంది. బావిలోకి ఊరికే పోతున్న గొట్టం చూసి, పైకి లాగి తట్టలు కడుక్కుని, దాన్ని కాలవలో వదిలేసి చేపలమ్ముకోవడానికి వెళ్ళిపోయింది. ఎర్రమట్టి నేలలో బావి అది. ఊరడం ఎంత నిదానమో, అడుగంటడం అంత తొందర.

మందిరంలో పాట మాంచి ఊపు మీద ఉంది. అబ్రహాం కళ్ళు షాలిని మీద లేవు, కిటికీలోంచి చుక్క మీద ఉన్నాయి. చుక్క ఒకసారి మినుకుమని ఆరిపోయింది. మిల్లులో మగ్గం ఆగితే చెయ్యి ఎలా ఆగుతుందో అలా ఆయన చెయ్యి ఆగింది. పాట ఇంకా నడుస్తోంది. ఆయనకి అది తెలియదు.

"మోటరు ఎలిపోయింది," అన్నాడు.

చెవి వినపడనివాళ్ళు తమలో తాము అనుకునే మాట ఎంత గట్టిగా ఉంటుందో తెలుసు కదా. పాట ఆగిపోయింది. అబ్రహాం లేచి నడిచాడు, వెనక లీలారాణి, ఆవిడ వెనక సంఘం. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అందరూ బావి చుట్టూ చేరి అడుగున బురదలో మెరుస్తున్న మోటారుని చూశారు. పాస్టరు గారికి వేరే దారి కనపడక ఆశీర్వచనం బావి గట్టు మీదే ఇచ్చేశారు.

లీలారాణి లోపలికెళ్ళి బియ్యం దులుపుతూ మిషను తెచ్చి, అందరి ముందూ భర్త చెవికి పెట్టింది. ఆయన తల దించుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదన్న సంగతి ఆయనకి తర్వాత గానీ తెలియలేదు. షాలిని ఆయన కోసమే ఏళ్ళుగా మెడ నొప్పెట్టేలా తల ఊపుతోంది.

తర్వాతి ఆదివారం అబ్రహాం మిషనుతో వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. కిటికీ పక్క చాప ఖాళీ. షాలిని మీట నొక్కింది. డోలక్ దానంతటది మోగింది, చాలా శుద్ధంగా. చిక్కంతా సంఘంతో వచ్చింది. ఇన్నేళ్ళూ జూటుమగ్గం నడకకి పాడడం అలవాటైన గొంతులు అవి. మీట రెండో చరణంలోకి వెళ్ళేసరికి ముసలమ్మలు ఇంకా పల్లవి మొదట్లోనే ఉన్నారు. మగవాళ్ళు మధ్యలో ఎక్కడో విడిపోయారు. షాలిని మీట ఆపేసింది. పాస్టరు గారు నిట్టూర్చి, అబ్రహాంగారూ, వచ్చి ఆ మగ్గం ఏదో మీరే ఆడించండి అన్నారు.

అబ్రహాం చాప మీదికి వెళ్ళి, మిషను చెవినే ఉంచుకుని డోలక్ మీద ఒక దెబ్బ వేశాడు. ఆయన మొహం వాడిపోయింది. చర్మం ఎప్పుడో వదులైపోయి డబ్బాలా మోగుతోంది.

"ఇన్నాళ్ళూ ఇదేనేటి మీరు ఇన్నాది?"

"ఇదే," అంది లీలారాణి ఆడవాళ్ళ వైపు నుంచి.

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే నీకు ఇనపడాల కదయ్యా."

ఆయన మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అరికాలు గచ్చుకి ఆనించాడు. షాలిని తల ఊపింది. మిషను తియ్యకూడదన్న తీర్పు లీలారాణిదే అయినా, ఆరోజు ఆవిడే గొంతెత్తి పాడింది.

కొత్త మోటారు దించాక, మిషను పెట్టుకుని బావిలోకి తొంగి విన్నాడు. ఏమీ లేదు. లీలారాణి వింది, ఏమీ లేదు. నీళ్ళ అడుగున ఆడే మోటారు చప్పుడు దేవుడిచ్చిన చెవికి కూడా అందదు. నక్షత్రం మళ్ళీ గడెక్కింది. డిసెంబరుకి పక్కన తెల్లదొకటి కట్టాలని లీలారాణి నిర్ణయించింది. తెల్లది ప్రభువుకి, ఎర్రది మోటారుకి.

మేం మాట్లాడుతుండగానే చుక్క ఆరిపోయింది. లోపల లీలారాణి స్టార్టరు ఆపినట్టుంది. బిందెలతో వస్తున్న ఇద్దరు రోడ్డు మధ్యలో ఆగి, వెనక్కి తిరిగారు. బుల్లమ్మ తట్ట నెత్తికెత్తుకుంది. అబ్రహాం నా పెదాల వైపే చూస్తూ, మా వైపు మోటారు ఆడుతోందని ఎలా తెలుస్తుందని అడిగాడు. చప్పుడు బట్టి అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు.

"సప్పుడుని నమ్ముకుంటే ఎలాగ బాబూ," అన్నాడు.