గులాం ఉస్తాద్ పచ్చి రాయి

గులాం మొహియుద్దీన్‌కు యాభై రెండేండ్లు. ఆ యాభై రెండేండ్లల్ల ఆయన ఒక్కటంటే ఒక్క తప్పు గూడ చెయ్యలేదు. ఇది ఆయన లెక్క. ఆయన పెండ్లాం తాజ్ బీ లెక్క వేరే ఉన్నది గానీ, దాన్ని అడిగినోడు మెదక్‌ల ఎవ్వడు లేడు.

రామాయంపేట తొవ్వల ఒక రేకుల షెడ్డు, దాని ముందట జాగ నిండ పిడకల బూడిద. అదే ఉస్తాద్ కార్ఖానా. ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు తొడుగుడు ఆయన పని. పట్టాను చక్రం కన్న జర చిన్నగ చేస్తడు. పిడకల మంటల ఎర్రగ కాలిస్తే ఇనుము సాగుతది. పట్కార్లతోటి లేపి చక్రం మీద పెట్టి, సమ్మెటతోటి దిగగొట్టి, కట్టె అంటుకునే లోపట నీళ్లు కుమ్మరిస్తడు. ఇనుము బుస్సుమని ముడుచుకొని చక్రాన్ని పట్టుకుంటది. నడుమ పుల్లల తీరు ఉండే కట్టె ఆకులన్ని కిర్రుకిర్రుమని బిగుస్తయి. ఇగ పదేండ్ల దాంక ఊడే ముచ్చటే లేదు.

ఆ నీళ్లు కుమ్మరించేటప్పుడు చూడాలె ఉస్తాద్‌ను. లుంగీ ఎగ్గట్టి, "హటో!" అని కేకేసి, బిందెను గుండ్రంగ తిప్పుకుంట పోస్తడు. చుట్టు నిలవడ్డోళ్లు రెండడుగులు వెనుకకు పోతరు. ఆవిరిలకెళ్లి బయటికొచ్చేటప్పుడు నవాబు దర్బారు ముగించి వస్తున్నట్టు వస్తడు. పట్టా ఎవడన్న కొడతడు, నీళ్ల కాడనే ఉస్తాద్ ఎవడో తెలుస్తది అని ఆయన తండ్రి చెప్పి సచ్చిపోయిండు.

ఎప్పుడన్న నీళ్లు పడంగనే చక్రం పటుక్కుమంటే? అంటే కట్టె పచ్చిది. అంతే. చక్రాలు చేసే వడ్ల ఎల్లం రోడ్డుకు అవతల దిక్కే ఉంటడు.

"కట్టె పచ్చిదిరా ఎల్లం!" అని ఉస్తాద్ ఇటుకెళ్లి అంటడు.

"పచ్చిది నీ నోరు!" అని ఎల్లం అటుకెళ్లి అంటడు.

ఇరవై ఏండ్ల సంది ఇదే ముచ్చట. పగిలిన చక్రం తెచ్చిన రైతు నడిమిట్ల నిలవడి ఎవరి దిక్కు చూడాల్నో తెల్వక బీడీ ముట్టిస్తడు.

పందొమ్మిదొందల అరవై ఏడు, అరవై ఎనిమిది వచ్చేసరికి రబ్బరు టైర్ల బండ్లు దిగబడ్డయి. వాటికి పట్టా అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, ఉస్తాద్ అసలే అక్కర్లేదు. వారానికి పది చక్రాలొచ్చే కార్ఖానాకు రెండు రాబట్టినయి. సరిగ్గ అప్పుడే ఇంద్రకరణ్ వచ్చిండు.

ఇంద్రకరణ్‌ది హవేలిఘనపూర్ పటేండ్ల ఇల్లు. ముప్పై ఐదేండ్లొచ్చినా ఊరికి ఆయన చిన్న పటేలే. హైదరాబాద్‌ల ఒక కాలేజీల రాళ్ల పాఠం చెప్తడు. ఆరేండ్ల సంది డాక్టర్ కావాలని చూస్తుండు. దవాఖాన డాక్టర్ కాదు, రాళ్ల డాక్టర్. "మరి రాయికి జ్వరమొస్తే సూది యాడ గుచ్చుతరు పటేలా?" అని మెదక్ బజార్ల ప్రతి ఒక్కడు అడిగిండు. ప్రతి ఒక్కడు తనే మొదలు అడిగిన అనుకున్నడు.

వాళ్ల నాయన మెదక్‌ల నడిపిన పల్లీ నూనె మిల్లు మూతబడి ఉన్నది. అండ్ల ఒక పెద్ద ప్రెస్సు. పల్లీలను పిండిన ఆ ప్రెస్సుల రాళ్లను పిండాలని ఇంద్రకరణ్ ఇరాదా.

"భూమి లోపట ఇరవై మైళ్ల కింద రాయి ఇరగదు ఉస్తాద్," అని చెప్పిండు. "వంగుతది. రొట్టెపిండి లెక్క సాగుతది."

"మీరు పోయి చూసొచ్చిన్రా?"

"పోలేను కాబట్టే ఈడ చేస్తున్న. రాయిని సమ్మెటతోటి కొడితే ఎందుకు ఇరుగుతది? పక్కలకు జరగనీకి జాగ ఉంటది కాబట్టి. కింద జాగేది? అన్ని దిక్కులకెళ్లి రాయే రాయిని పట్టుకొని ఉంటది. మీదికెళ్లి ఎంత బరువు పడ్డా ఇరగనీకి సందు దొరకదు."

ఉస్తాద్ గడ్డం గోక్కున్నడు. "అంటే సంత దినం రామాయంపేట బస్సు. అండ్ల నిలవడ్డోడు సోయి తప్పినా కింద పడడు. నడిమికి వంగుతడు గంతే."

ఆరేండ్ల సంది గంత సక్కగ ఇంద్రకరణ్‌కే చెప్పొచ్చుడు కాలేదు.

ఇగ పనేందంటే, బొటనవేలు లావు చలువరాయి ముక్కను ఒక ఇనుప గొట్టంల బిగించాలె. గొట్టం రాయిని నాలుగు దిక్కుల పట్టుకోవాలె. రెండు కొసలకెళ్లి లారీ ఇరుసు ముక్కలు పెట్టి ప్రెస్సుల వత్తాలె. గొట్టం కడుపు ఉబ్బుతది. తర్వాత గొట్టాన్ని ఆకురాయితోటి కోసి తీసి, లోపట రాయి ఇరిగిందా, ఉబ్బిందా చూడాలె. గొట్టం ఎంత గట్టిగ పట్టుకుంటే అంత మంచిది. అంటే కాల్చి తొడగాలె. కాల్చి తొడిగేటోడు తెలంగాణ మొత్తంల ఎవడున్నడు? ఈ సవాలు ఉస్తాదే అడిగి, జవాబు గూడ ఆయనే చెప్పిండు.

చలువరాయి కోసం ఇంద్రకరణ్ తాతగారి భోజనాల బల్ల మీది పలకను కోసిండు. వాళ్లమ్మ నిర్మలమ్మ మూడు దినాలు కొడుకుతోటి మాట్లాడలేదు.

ఉస్తాద్ గొట్టాన్ని ఎర్రగ కాల్చిండు. రాయి మీదికి దింపిండు. "హటో!" అని బిందె ఎత్తి నీళ్లు కుమ్మరించిండు. మిల్లు నిండ ఆవిరి. ఇంద్రకరణ్ కండ్లద్దాలు తుడుసుకొని శెభాష్ అన్నడు.

వత్తిన్రు. గొట్టం ఉబ్బింది. కోసిన్రు. లోపట రాయి కాదు, పలుకులు. తాలింపుల ఏసుకునేటట్టున్నయి.

రెండోది అంతే. మూడోది అంతే. ఎనిమిదోది కొసలకెళ్లే రాలిపోయింది. ఇంద్రకరణ్ మొకం పీక్కపోయింది. "పట్టు తప్పుతుందేమో ఉస్తాద్?"

ఉస్తాద్‌కు నెత్తికెక్కింది. ఆయన పట్టు తప్పుడా? అలవాటుగ రోడ్డు దిక్కు చూసిండు. ఈ పనిల ఎల్లం లేడు. తిట్టనీకి ఎవ్వడు లేడు. మరి నోరు ఊకుంటదా? "రాయి పచ్చిది పటేలా," అన్నడు.

చదువుకున్నోనితోటి ఉన్న లొల్లి ఇదే. ఏదన్నా నమ్ముతడు. రాయిల తేమ ఉంటే పగలొచ్చు, నిజమే, అని ఇంద్రకరణ్ కితాబు తీసి రాసుకున్నడు. మిగిలిన రాళ్లను ఇంటి మిద్దె మీద ఎండకు పోసిండు. రెండు నెలలు. ఒక దిక్కు నిర్మలమ్మ మిరపకాయలు, ఇంకో దిక్కు కొడుకు రాళ్లు. మొగులు పట్టినప్పుడల్ల ముందుగాల ఏవి లోపటికి తేవాల్నని తల్లీకొడుకులు కొట్లాడుకునేటోళ్లు.

ఎండిన రాళ్లు గూడ పలుకులే అయినయి. పన్నెండు గొట్టాలు, పన్నెండు సార్లు నాశనం.

ఇంద్రకరణ్‌కు గైడు మదన్ మోహన్ సారు. ఆయన చిట్టీ రాసిండు: బేస్తారం నేనే వచ్చి చూస్త. నా ముందట గూడ ఇరిగితే ఈ రాళ్ల పిచ్చి బంద్ చేసి, ఎల్దుర్తి బావుల నీళ్ల మీద రాసుకో. ఆరేండ్ల పని పోయి బావుల పడుడన్న మాట.

మంగళారం నాడు రెండు గొట్టాలు తొడిగి పెట్టిన్రు. ఒకటి సారు ముందట వత్తనీకి, ఇంకోటి ఎందుకన్నా పనికొస్తదని. ఇంద్రకరణ్ హైదరాబాద్ పోయిండు సారును తోలుకరానీకి. బుధారం పగటీలి ఉస్తాద్‌కు ఊసుపోలేదు. ఆ రెండో గొట్టం సాపుగ లేదనిపించింది. ఇనుము తీసి కొత్తది తొడుగుదామని ఆకురాయితోటి కోసిండు.

రాయి మూడు తునకలై చేతుల పడ్డది.

ఈ రాయి ప్రెస్సు మొకం గూడ చూడలేదు. దాన్ని ఎవ్వడు వత్తలేదు, కొట్టలేదు. దానికి జరిగింది ఒక్కటే: ఉస్తాద్ నీళ్లు. వేడి మీద ఉన్న రాయికి సల్ల నీళ్లు తగిలి వెంట్రుక వాసి పగుళ్లు పడ్డయి. ప్రెస్సుల పడక ముందే అది సచ్చింది. పన్నెండు గొట్టాలల్ల ఒక్కదాన్నన్న వత్తకుండ కోసి చూద్దామని ఆరేండ్లు చదివినోనికి బుద్ధి పుట్టలేదు, ముప్పై ఏండ్లు నీళ్లు పోసినోనికి పుట్టలేదు.

ఉస్తాద్ తునకలను జేబుల ఏసుకొని ఇంటికొచ్చి కూసున్నడు. తాజ్ బీ అన్నం పెట్టింది. తిన్నడు. ఉప్పు ఎక్కువైందనలేదు.

"ఏమైంది? పొద్దుగాల సంది ఎవ్వర్ని తిట్టలేదు. జరమొచ్చిందా?"

ఆయన తునకలు తీసి పీట మీద పెట్టి సంగతి చెప్పిండు. తాజ్ బీ ఇనుకుంట ఇనుకుంటనే నవ్వబట్టింది.

"వేడి లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడితే పటుక్కుమనదా? దీనికి డాక్టరీ చదవాల్నా?"

"రాయి గాజు కాదు."

"నీ తలకాయ గూడ గాజు కాదు. అందుకే గింత కాలమాయె పగులుత లేదు. రేపు చెప్తవా, చెప్పవా?"

"చెప్తే ఊరంత ఇంటది. గులాం నీళ్లు పోస్తే పగులుతది అంటరు. వారానికి రెండు చక్రాలొస్తున్నయి తాజ్, అవి గూడ రావు."

"చెప్పకపోతే ఆ పటేలు పిల్లగాడు బావుల పడతడు," అని తాజ్ బీ పళ్లెం తీసుకొని లేచింది. "నీ ఇష్టం. ఉప్పు ఎక్కువైంది, నాకు తెలుసు."

బేస్తారం పదకొండు గంటలు కొట్టంగ మదన్ మోహన్ సారు బస్సు దిగిండు. నాలుగు గంటల బస్సుకు వాపస్ పోవాలె అని దిగంగనే చెప్పిండు. మిల్లు కాడ ఇరవై మంది జమైన్రు. ఎల్లం గూడ వచ్చిండు. ఎందుకొచ్చినవ్ అని ఉస్తాద్ అడిగితే, ఊకెనే అన్నడు.

మంగళారం తొడిగిన గొట్టాన్ని ప్రెస్సుల పెట్టిన్రు. అది లోపట ఎప్పుడో పగిలిందని ఉస్తాద్‌కు తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఏమో, ఇదొక్కటి బతికున్నదేమో అని చూసిండు. వత్తిన్రు. కోసిన్రు. పలుకులు.

మదన్ మోహన్ సారు చేతులు దులుపుకున్నడు. "చాలు ఇంద్రకరణ్. బావులు మంచి సబ్జెక్టే. మూడేండ్లల్ల అయిపోతది."

ఇంద్రకరణ్ ఆ పలుకులను ఒక్కొక్కటి ఏరి రుమాల్ల ఏసుకుంటుండు. పదమూడోసారి గూడ దేన్నీ పారేయబుద్ధి అయితలేదు ఆయనకు. ఉస్తాద్ ఆ ఏరుడు చూడలేకపోయిండు.

"సారూ, జర ఆగుండ్రి." జేబులకెళ్లి మూడు తునకలు తీసిండు. "దీన్ని ప్రెస్సుల పెట్టలేదు. పెట్టకముందే పగిలి ఉన్నది. రాయి తప్పు కాదు, పటేలు తప్పు కాదు. నేను పోసిన నీళ్లది. నాది తప్పు."

ఎల్లం ముందటికొచ్చిండు.

"ఏమంటివి ఉస్తాద్? సక్కగ ఇనవడలేదు."

"నాది తప్పు అన్న."

"ఇంకొక్కసారి. మా ఇంటిదాన్ని పిలుస్త, అది గూడ ఇంటది."

"నీయవ్వ, ఎల్లం!"

"మరి ఇరవై ఏండ్ల సంది నా చక్రాలు పగిలినయి గదా, అవి?"

"అవి పచ్చి కట్టెనే," అన్నడు ఉస్తాద్. జనమంత గొల్లుమన్నరు. ఎల్లం గూడ ఆపుకోలేకపోయిండు.

మదన్ మోహన్ సారు నవ్వలేదు. తునకలను ఎల్తురుకు పట్టి చూసిండు, గడియారం చూసిండు. "నీళ్లు పొయ్యకుంటే ఎట్ల సల్లారుతది?"

"వేడి బూడిదల పండవెట్టి, మీద ఊక కప్పుత. రేపు పొద్దుగాల దాంక మెల్లగ సల్లారుతది. తొడిగే ముందు రాయిని గూడ జర ఎచ్చవెడ్త."

"అంటే నన్ను ఇయాల మెదక్‌ల ఉండుమంటవు." అడవిల ఉండుమన్నట్టే అన్నడు సారు. కానీ ఉన్నడు.

ఉస్తాద్ గొట్టం కాల్చిండు. ఎచ్చవడ్డ రాయి మీదికి దింపిండు. చెయ్యి దానంతట అదే బిందె దిక్కు పోయింది. ఎల్లమే ఆ బిందెను కాలుతోటి అవతలికి జరిపిండు. "హటో" లేదు, ఆవిరి లేదు. చూడనీకి వచ్చినోళ్లు, గింతేనా అనుకుంట పోయిన్రు.

తెల్లారి వత్తిన్రు. గొట్టం కడుపు ఏడో నెల లెక్క ఉబ్బింది. ఉస్తాద్ స్వయంగ కోసిండు. ఇనుము రెండు డొప్పలుగ విడిపోయింది. లోపట రాయి ఒక్కటే ముక్కగ ఉన్నది. పొట్టిగ, బొద్దుగ, నడుమ ఉబ్బి, అచ్చం చిన్న పీపా తీరు. యాడ గూడ గీత లేదు. ఇంద్రకరణ్ దాన్ని రెండు చేతుల్ల పట్టుకొని కింద కూసున్నడు. కుర్సీ పక్కనే ఉన్నా కనవడలేదు ఆయనకు. మదన్ మోహన్ సారు భూతద్దం పెట్టి చానసేపు చూసి, "ఒక్కటి చాలదు, ఇంకో పదకొండు చెయ్యి," అని ఎనిమిది గంటల బస్సెక్కిండు. ఆ సారు అంత కన్న మంచిమాట ఎవ్వనికి ఎప్పుడు చెప్పలేదని ఇంద్రకరణ్ తర్వాత అన్నడు.

పదకొండు గూడ చేసిన్రు. అది ఇంద్రకరణ్ సంగతి. ఉస్తాద్ సంగతి వేరే.

వారం దినాలు ఒక్క చక్రం రాలేదు. ఎనిమిదో దినం ఎల్దుర్తికెళ్లి ఒక రైతు బండితోటి వచ్చిండు. చక్రం దింపిండు. పట్టా కాలింది, దిగింది. ఉస్తాద్ బిందె ఎత్తంగనే రైతు అన్నడు, "ఉస్తాద్, నీళ్లు జర మెల్లగ పొయ్యిండ్రి."

ముప్పై ఏండ్లల్ల ఆయనకు నీళ్లు పోసుడు నేర్పినోడు లేడు. రోడ్డవతల ఎల్లం బాడిశ ఆపి చూస్తుండు. ఉస్తాద్ పండ్లు కొరికిండు. కట్టె పొగ ఎల్లుతున్నది. ఆయన ఎప్పటి తీరుగనే, బిందె తిప్పి, ఒక్క పెట్టున కుమ్మరించిండు. ఇది కట్టె. దీనికి నీళ్లే కావాలె. రాయికి బూడిద, కట్టెకు నీళ్లు. గింత తెల్వనీకి పద్నాలుగు రాళ్లు పోయినయి.

ఆవిరి పోయినంక రైతు చక్రం చుట్టు రెండుసార్లు తిరిగిండు. ఒంగి ప్రతి ఆకును గోటితోటి కొట్టి, చెవి పెట్టి ఇన్నడు. ఉస్తాద్ ఎండల నిలవడి, ఎన్నడు లేంది, ఇంకోడు ఏమంటడో అని చూస్తుండు. రైతుకు ఏం దొరకలేదు. చక్రం ఎక్కించి, ఎడ్లను కట్టి, బండి తోలిండు. కానీ నమ్మకం కుదరలేదు. తల పక్కకు ఒంచి చక్రం దిక్కే చూసుకుంట పోయిండు, తొవ్వ దిక్కు చూడలేదు. మలుపు కాడ బండి పోయి మోరీల పడ్డది.

ఉస్తాద్, ఎల్లం ఇద్దరు ఉరికిన్రు. కాడి ఇరిగి ఎడ్లు విడిపోయినయి, రైతు ధోతి బురదైంది. ఉస్తాద్ మోరీల దిగి, చక్రాన్ని చేత్తోటి తడిమి చూసిండు. పట్టా ఇసుమంత గూడ జరగలేదు.

"చూసినవా?" అన్నడు, మోకాలి దాంక బురదల నిలవడి.

"చూసిన గానీ," అన్నడు ఎల్లం, "ముందుగాల ఆ ఎడ్లను పట్టు."