నిప్పుబట్ట కుట్టిన మిషనమ్మ

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనేవారు. పొద్దున లేస్తే కుట్టు మిషను ముందు నుంచి కదిలేది కాదు కాబట్టి ఆ పేరు ఊరికే రాలేదు. అయినా మీరేం చేస్తుంటారమ్మా అని ఎవరడిగినా, ఏమీ చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను అనేది. ఆమె భర్త ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. మా ఆవిడ ఖాళీయే అనేవాడు, ఆమె కుట్టిన చొక్కా తొడుక్కుని మరీ. పోయి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు ఆయన్ని ఏమని ఏం లాభం.

ఇంట్లోనే అన్న ఆ ఒక్క మాట వల్ల ఏడాదిన్నర మట్టిలో కలిసింది. అరవై రెండో ఏట మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైంది. ఒక డాక్టరు వయసన్నాడు. ఇంకొకాయన క్షయ అన్నాడు, ఆరు నెలలు ఆ మందులు మింగింది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు మూడుసార్లు సూది గుచ్చి తీశారు, తీసిన నెలకే మళ్ళీ చేరింది. వెళ్ళిన ప్రతిచోటా ఏం పని చేసేవారని అడగడం, ఇంట్లోనే అని ఆమె చెప్పడం, గృహిణి అని వాళ్ళు రాసుకోవడం. ఆమె అబద్ధమాడలేదు. గడప దాటి చేస్తేనే పని అని నేర్పినవాళ్ళది తప్పు, నన్నడిగితే.

చివరికి పెద్దాసుపత్రిలో పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి, కెమెరా గొట్టం దూర్చి, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు కూతురు మందుల వరసలో నిలబడి ఉంది. గదిలో మిషనమ్మ, డాక్టరమ్మ ఇద్దరే ఉన్నారు. ఈ డాక్టరమ్మ వయసులో చిన్నదే గాని, అందరూ అడిగిన ప్రశ్నకు ఇంకో ముక్క కలిపింది.

"ఇంట్లో ఉండి ఏం చేసేవారు?"

"బట్టలు కుట్టేదాన్నమ్మా. చొక్కాలు, దిండు గలీబులు. మధ్యలో ఒక పదకొండేళ్ళు చేతి తొడుగులు, ఇనుము కరిగించేవాళ్ళకి. నిప్పుబట్టతో."

డాక్టరమ్మ రాయడం ఆపింది.

ఆ బట్ట ఫ్యాక్టరీ నుంచి మూటలుగా వచ్చేది. మంటలో పెట్టినా కాలదని దానికా పేరు. తెల్లగా, మెత్తగా, చేతికి హాయిగా ఉండేది. కత్తెర పడితే చాలు, పిండిలా నూగు రాలేది. సాయంత్రానికి ఆమె కనుబొమలు నెరిసిపోయి కనిపించేవి. అప్పుడే ముసలిదానివైపోయావే అని భర్త నవ్వేవాడు, ఆమె కూడా నవ్వి దులుపుకునేది.

అది రాతినార, ఆస్‌బెస్టాస్ అని చెప్పింది డాక్టరమ్మ. ఆ నూగులో కంటికి ఆనని పోగులుంటాయట. పీలిస్తే లోపలే ఉండిపోతాయి, కరగవు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పల్చటి పొరలో చేరి ముప్పై, నలభై ఏళ్ళయినా దాన్ని రేపుతూనే ఉంటాయి. ఆ పొరకు వచ్చే క్యాన్సరే ఇది, పేరు మీసోథెలియోమా. కోసి తీసే దశ దాటిపోయింది. మూడు వారాలకోసారి సెలైన్‌తో ఎక్కించే కీమో ఉంది. ఒంట్లోని రక్షణశక్తిని జబ్బు మీదికి ఉసిగొల్పే కొత్త మందులు కొందరికి పనిచేస్తాయి. నీరు మళ్ళీ చేరకుండా పొరల మధ్య పొడి చల్లి అతికించవచ్చు, లేదా ఇంట్లోనే తీసుకునేలా సన్నటి గొట్టం అమర్చవచ్చు. నొప్పికీ ఆయాసానికీ మందులు ఎలాగూ ఇస్తారు. ఏం చేసినా పూర్తిగా నయం కాదు, కొంత కాలం కలిసొస్తుంది. కీమో వద్దనుకుంటే వద్దనే హక్కు కూడా ఆమెకుంది.

వద్దనే అంది మిషనమ్మ. సూదులతో, బల్లల మీద ఎదురుచూపులతో ఆమె ప్రాణం విసిగిపోయింది. గొట్టం పెట్టి పంపించమ్మా, పడుకుంటాను అంది.

డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. ఆ బట్ట కుట్టే గదిలో ఇంకెవరైనా ఉండేవారా అని మాత్రం అడిగింది. లేరు అంది మిషనమ్మ. అంటూండగానే గుర్తొచ్చింది. వాళ్ళది ఒకటే గది. మిషను పక్కనున్న నిప్పుబట్ట మూటే కూతురి పడక. రెండేళ్ళ పిల్లప్పటి నుంచీ దాని మీదే పడుకునేది, మిషను చప్పుడు ఆగితే లేచి కూర్చునేది.

"ఉండేదమ్మా. మా అమ్మాయి."

అలా పీల్చినవాళ్ళలో చాలామందికి ఈ జబ్బు రాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. రానే రాదని మాత్రం తను మాటివ్వలేనంది. ముందుగా పట్టి చెప్పే నమ్మకమైన పరీక్షా లేదు. ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే ఆలస్యం చెయ్యకుండా వచ్చి, ముందుగా ఈ బట్ట సంగతి చెప్పాలి. చెప్పాలంటే ఆ అమ్మాయికి తెలియాలి కదా, నన్ను చెప్పమంటారా అంది.

"వద్దు. నేనే చెబుతాను."

వసారాలో బల్ల మీద కూర్చుంటే కూతురు మందుల సంచితో వచ్చింది. నలభై ఒక్కేళ్ళ మనిషి, బస్సు కండక్టరు, ఊరందరినీ గదమాయించే గొంతు. వస్తూనే ఫలితం ఏమొచ్చింది, వైద్యానికి ఒప్పుకున్నావా లేదా అని మొదలుపెట్టింది. మిషనమ్మ కూతురి మొహం చూడలేక సంచి వంక చూస్తూ అంతా చెప్పింది. మూట సంగతి వచ్చేసరికి రెండుసార్లు ఆగి చెప్పాల్సి వచ్చింది.

కూతురు సంచి కింద పెట్టి పక్కన కూర్చుంది.

"దాని మీద నిద్ర బాగా పట్టేదమ్మా," అంది.

తిట్టి ఉంటే మిషనమ్మ తట్టుకునేది. ఈ మాటకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. చేతులారా పరిచి పడుకోబెట్టింది తనే మరి. ఏడ్చి, మొహం తుడుచుకుని, ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"వెళ్ళి కీమో ఎప్పుడు మొదలుపెడతారో కనుక్కో. వస్తూ ఒక నోట్‌బుక్కు కొనుక్కురా."

"నోట్‌బుక్కు ఎందుకు?"

"ఏ రోజు వాంతులయ్యాయో, దేనికి తగ్గాయో, ఎన్నాళ్ళకి లేచి తిరిగానో, ఏది నోటికి సహించిందో, నేను చెబుతుంటాను. నువ్వు రాసి పెట్టుకో."

కూతురు తల్లి వంక చూసింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆ జబ్బు నాకేం రాదమ్మా," అంది.

"రాకపోతే చింపి పారేద్దువుగాని. ఇప్పుడైతే రాయి."