అవ్వ ఇవ్వని నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిచ్చి, ఆ తర్వాతే ఎక్కడినుంచి వస్తున్నారని అడిగేవాళ్లు. మా అవ్వ ఆ మర్యాద తప్పడం నేను ఒక్కసారే చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మాది చిట్యాల దగ్గర, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలున్న ఊరు. ఆ ఎండాకాలం ఒక విదేశీ జంట నడుపుకుంటూ వచ్చిన వ్యాను మా ఊరి మలుపులో ఆగిపోయింది. హైదరాబాదు నుంచి మరమ్మతు సామాను వచ్చేదాకా, నాలుగు రోజులు, వాళ్లిద్దరూ మా బడి వరండాలోనే ఉన్నారు. నేను వాళ్లను వదిలితే ఒట్టు. ఆ జంటలో ఆమె నాకు వాళ్ల దేశపు పాట ఒకటి నేర్పింది, నేను ఆమెకు గచ్చకాయలు ఆడటం నేర్పాను. నాలుగో రోజు మా దేశం ఎంత గొప్పదో చూపించాలనిపించి, నిటారుగా నిలబడి, పుస్తకంలో ఉన్న నదులన్నిటినీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మా బడి సారు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, వీటిలో మీ ఊరికి వచ్చేది ఏదని అడిగింది.

"చెప్పవే పోరీ, గిప్పుడు చెప్పు" అని సారు నవ్వాడు.

ఏదీ రాదు. మాకున్నది ఒక్క బావి. ఓడిపోవడం ఇష్టంలేక, మా బావి నీళ్లు అన్ని నదులకంటే తియ్యగా ఉంటాయని చెప్పి, తాగిస్తానని ముగ్గురినీ ఇంటికి తీసుకుపోయాను.

అవ్వ మేకల దగ్గర ఉంది. అప్పటికే ఆమె నడుము వంగిపోయింది. మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. మా ఊళ్లో పెద్దవాళ్లంతా అలాగే ఉండేవాళ్లు కాబట్టి ముసలితనమంటే అదేననుకునేదాన్ని. పళ్ల మీది గోధుమరంగు గార కూడా అందరికీ ఉండేదే.

నేను కుండలో ముంచి చెంబు తెచ్చాను. ఆ విదేశీయురాలు చెయ్యి చాపేలోగా అవ్వ దాన్ని లాక్కుని, నీళ్లు వాకిట్లో పారబోసింది.

"ఏందే అవ్వా గిది! ఇజ్జత్ తీస్తివి గదనే" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు జర నోరు మూస్కో" అని, అవ్వ అదే చెంబు పట్టుకుని మేక పక్కన కూలబడి పాలు పితికింది. నురగతో తెచ్చి ఆ ఇద్దరికీ పోసింది.

"నాకు లేవా అవ్వా?" అన్నాడు సారు.

"నువ్వు మనోనివే గదా సారూ. నీకు నీళ్లు చాలు తియ్యి."

అందరం నవ్వాం. నీళ్లు తాగడానికి పిలిచి పాలిచ్చే దేశాన్ని ఇంకెక్కడా చూడలేదని ఆ విదేశీయురాలు అన్నదట. సారు తెలుగులో చెప్పగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. సాయంత్రం వ్యాను బయల్దేరితే దుమ్ములో చాలా దూరం దాని వెంట పరుగెత్తాను.

తిరిగొచ్చి దాహమని పాలడిగాను. మేకపిల్లలకే చాలవంది అవ్వ. కుండలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి ఇచ్చింది. మరి వాళ్లకెందుకు ఇవ్వలేదని అడిగాను.

"సర్కారోళ్లు సీసల పట్టుకపోయి సూసిండ్రంట. గీ నీళ్లు మంచియి గావంట బిడ్డా, బొక్కలు వంగుతయంట. మనకంటె వేరే దిక్కు లేదు. ఇంటికొచ్చినోళ్లకు తెలిసి తెలిసి ఎట్ల పోస్త?"

"మరి నాకెట్ల పోసినవే?"

నావైపు చూడాలంటే ఆమె మొత్తం తిరగాలి. తిరగలేదు. కుండ మీద మూత సరిగ్గానే ఉంది, అయినా తీసి మళ్లీ పెట్టింది. నేను కాసేపు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. దాహంగా ఉంది. తాగేశాను.

పెద్దయ్యాక పత్రికలో చేరి, ఆ నీళ్ల గురించి, వాటిలోని ఫ్లోరైడుకు వంగిపోయే ఎముకల గురించి చాలాసార్లు రాశాను. అచ్చయిన రోజున కూడా మా ఊరు ఆ నీళ్లే తాగింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఇంట్లోకి నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లు. నేను ఆనాడు అప్పజెప్పిన పేర్లలో ఒకటి. అప్పటికి అవ్వ లేదు. నా మోకాళ్లు వంగడం మానేసి చాలా కాలమైంది.

పోయిన చలికాలం, పత్రిక పనిలో పరిచయమైన విదేశీ మిత్రులిద్దరు ఇంటికొచ్చారు. అవ్వ చెంబుతోనే నీళ్లిచ్చాను. మా కృష్ణ నీళ్లని గర్వంగా చెప్పాను. నీళ్లకు బదులు పాలిచ్చిన అవ్వ కథ కూడా చెప్పాను. ఎంత గొప్ప దేశం మీది అని వాళ్లు మనస్ఫూర్తిగా అన్నారు. నాకూ నిజంగానే గర్వమనిపించింది. పళ్లు కనపడకుండా నవ్వాను. కథలో పాల దాకానే చెప్పగలిగాను.

ఎవరైనా మా దేశాన్ని పొగిడినప్పుడల్లా ఆ నురగ పాలు గుర్తొస్తాయి. వాటి వెనకే, నావైపు తిరగని అవ్వ వీపు. ఆ ఒక్క మాట అడగకుండా నీళ్లు తాగేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.