హెస్టర్ పెన్సిల్ అంకెలు

వారన్‌బూల్ ఊళ్ళో వయోలా నేర్పేది హెస్టర్ క్విల్లం ఒక్కతే. వయోలా అంటే వయోలిన్‌కు అక్కలాంటిది. ఒళ్ళు పెద్దది, గొంతు బొంగురు. ఇరవై మూడేళ్ళుగా ఆమె దగ్గరికి వచ్చే పిల్లలందరూ వయోలిన్ వదిలి వచ్చినవాళ్ళే.

రెండు మూడేళ్ళు నేర్చుకున్న పిల్లలకు తగిన పాట ఎంచడంలో హెస్టర్‌కు మంచి పేరు. చిటికెన వేలు పొట్టిదైతే ఒక పాట, లావు తీగ మీద విల్లు దిటవుగా లాగగలిగితే మరొకటి. ఆదివారం పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని, ప్రతి స్వరం మీదా ఏ వేలు పెట్టాలో పెన్సిల్‌తో అంకె వేసేది. వయోలిన్ రాతలో ఒక గీత మీది చుక్క ఒక స్వరమైతే, వయోలా రాతలో అదే గీత మీది చుక్క ఇంకో స్వరం. పిల్లలు తికమకపడతారని ఆమె జాలి.

ఈసారి ఊరి పోటీలకు టాంసిన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లకు ఒక దిగులు పాట ఎంచింది. మొదటి బహుమతి ఆ పిల్లదేనని ఊరంతా అనుకుంటోంది. నాలుగు రోజులుందనగా ఆ కాగితం మీద హెస్టర్ టీ ఒలికింది. కొత్త ప్రతి తెచ్చి స్టాండు మీద పెట్టింది.

టాంసిన్ విల్లు ఎత్తింది. ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

"మొదలెట్టమ్మా."

"ఇందులో అంకెల్లేవు మిస్."

"చుక్కలున్నాయిగా!"

"చుక్కలెవరు చూస్తారు మిస్?"

హెస్టర్ ఒక చుక్క మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"మూడో వేలు... కాదా? రెండా?"

ఆ సాయంత్రం వచ్చిన మిగతా నలుగురినీ అడిగి చూసింది. ఒక్కరికీ చుక్కలు చదవడం రాదు. హెస్టర్ కుర్చీలో కూలబడింది. పిల్లల పాటకు తోడుగా పియానో వాయించే డెస్ మాత్రం పగలబడి నవ్వాడు.

"సంగీతం నేర్పుతున్నావనుకున్నానే! లెక్కలా?"

"నవ్వకు డెస్, పోటీ నాలుగు రోజుల్లో ఉంది."

"ఏముంది, అంకెలు వేసెయ్. బహుమతి వచ్చేస్తుంది."

హెస్టర్ పెన్సిల్ తీసింది. కాసేపు చేతిలో తిప్పి, సొరుగులో పడేసింది. మొదటి ఏడాది పిల్లల పుస్తకంలోంచి పదహారు గడుల్లో అయిపోయే లాలిపాట తీసి టాంసిన్ ముందు పెట్టింది.

"ఇది చుక్కలు చూసే వాయించాలి."

"చిట్టిపిల్లల పాట మిస్! అందరూ నవ్వుతారు."

"నన్ను చూసి నవ్వుతారులే. నువ్వు చదువు."

శనివారం హాల్లో లాలిపాట మొదలవగానే జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పదకొండో గడిలో ఒక స్వరం ఘోరంగా తప్పింది. ఎవరో ఇస్సని పళ్ళు బిగించారు. హెస్టర్ మాత్రం కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"చదివింది!"

హాలంతా వెనక్కి తిరిగింది. న్యాయనిర్ణేత కళ్ళద్దాల మీంచి ఉరిమి చూశాడు. పియానో మీంచి చేతులు తీయకుండానే డెస్ పళ్ళ సందుల్లోంచి అన్నాడు:

"కూర్చోవే తల్లీ, పరువు పోతోంది! తప్పు వాయించింది."

"వయోలిన్ రాతలో చుక్క అనుకుంది డెస్! చదివే తప్పింది!"