ఓడిపోవడమే ఉద్యోగమైన మార్కరుకు జబ్బు చేస్తే

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, హిందూపురం మార్కరుతో టెన్నిస్ ఆడుతుండగా రెండో సెట్టులో నాకు ఊపిరి అందలేదు. ఓడిపోయాను.

నేను అనంతపురంలో ఒక క్లబ్బు మార్కర్ని, అంటే జీతానికి ఆడేవాణ్ణి. సాయంత్రాలు ఆఫీసర్లతో ఆడి, చివరికి వాళ్లనే గెలిపించడం మా ఉద్యోగ మర్యాద. అందుకే నా రికార్డు నిండా ఓటములే. మార్కర్ల మధ్య ఏటా జరిగే పోటీలో మాత్రం నిజంగా ఆడేవాణ్ణి. హిందూపురం వాడితో ఆడింది ఆ పోటీలోనే. అందులో అంతవరకు నాకు ఓటమి లేదు.

"ఏమప్పా ఖాదరూ, ఈయప్పకు గూడా మర్యాద చేసినావా?" అని మా క్లబ్బు సెక్రటరీ నవ్వాడు. నిజంగానే ఓడిపోయానంటే నమ్మలేదు.

ఆ ఏడు వానలు లేవు. కోర్టు తడపడానికి నీళ్లు లేక దుమ్ము లేచేది. దగ్గు దానివల్లే అనుకున్నాను. నా భార్య ఫాతిమా ఊరుకోలేదు. "పొద్దుగూకితే ఒళ్లు కాలతాండాది. ముందు ఆస్పత్రికి పో" అని పోరు పెట్టింది.

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. టీబీ. ఆటలో ఎప్పటినుంచి వెనకబడ్డావని డాక్టరు అడిగితే చెప్పలేకపోయాను. ఏ ఓటమి మర్యాదో, ఏది జబ్బో నాకే తెలియదు.

"నీ ఓటముల్లో జబ్బు యాడ దాక్కోనుండాదో ఎట్ల కనిపెట్టల్లప్పా?" అన్నాడాయన.

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లతో జ్వరం తగ్గింది కానీ చెవుల్లో హోరు, కళ్లు తిరగడం మొదలయ్యాయి. గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. ఇక రాకెట్ పట్టనేమోనని ఏడ్చాను. డాక్టరు ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మార్చాడు. ఫాతిమా ఒక్క పూట తప్పనివ్వలేదు. సెక్రటరీ నా చోటు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ ముగ్గురి మేలు మరువలేను.

చివరి ఎక్స్‌రే బాగా వచ్చాక డాక్టరే కోర్టుకు వచ్చాడు. "నాతో ఆడు. మర్యాద చేసినావంటే మాత్రం పనిలోకి పోనియ్యను" అన్నాడు. ఆయన్ని చిత్తుగా ఓడించాను. ఆయన రొప్పుతూనే స్టెతస్కోపు నా వీపుకు ఆనించి విని, "రేపట్నుంచి పనికి పో" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ సాయంత్రాలు ఆఫీసర్లకు ఓడిపోతున్నాను. అవన్నీ నేను ఇస్తున్న ఓటములే అని తెలిసి ఓడిపోవడం ఎంత హాయో చెప్పలేను. చదివేవారికి ఒక్క మాట. ఇంకొకరి కోసం ఎంత తగ్గినా, అప్పుడప్పుడు ఒక పని మీ పూర్తి బలంతో చేసి చూసుకోండి. చేతకాకపోతే ఆ వారమే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.