గడ్డి ఒడి

రక్తం తాగేవాళ్లలో మా పాతబస్తీకి తెలిసినవాళ్లు రెండు రకాలు. ఒక రకం మర్యాదస్తులు. ఎదురుపడితే సలాం చెప్తారు, కసాయి దుకాణంలో డబ్బా నింపించుకుని పోతారు. రెండో రకం జంగ్లీలు. మాట ఉండదు, మనిషిని గుర్తుపట్టరు, ఎండకైనా భయపడరు. పురానాపూల్ కింద మూసీ గడ్డిలో పడుంటారు. గడ్డి కోయడానికి పోయిన మా తమ్ముణ్ణి కరిచింది ఈ రెండో రకం. ఏ రకం కరిస్తే మనిషి ఆ రకమే అవుతాడు. ఏ మర్యాదస్తుడో కరిచి ఉంటే మేలు కదా దేవుడా అని ఏడ్చాను. నవ్వకండి, అంత దిగజారిపోయాం మేము.

శాలిబండలో మాది బర్రెల కొట్టం. ఎంత పొగరుబోతు బర్రె అయినా తమ్ముడు పొదుగు మీద చెయ్యి వేస్తే కదలకుండా నిలబడేది. అలాంటివాడు జబ్బు ముదిరి ఒకనాడు మేం కట్టిన తలుగు తాడు తెంపుకుని, గోడ దూకి ఆ మూసీ గడ్డిలోకే పోయాడు.

కొన్నాళ్లకు పక్కింట్లో ఉండే ఆటో భాయ్ పరుగున వచ్చాడు. "భాయ్, కల్ సుబే గాడీ ఆరీ. ఆజిచ్ కుచ్ కరో" అన్నాడు బాపుతో. తెల్లారితే జంగ్లీలను ఏరిపారేసే బండి వంతెన కిందికి వస్తుందట. బయట దొరికినవాణ్ణి ఆ బండివాళ్లు ప్రాణాలతో వదలరు. ఇంటికి వచ్చి, ఇంట్లోవాళ్లు కట్టేస్తే కుదురుగా నిలబడినవాణ్ణి మాత్రం ముట్టుకోరు. మాకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రం.

బాపుకు తెలిసింది బర్రెల విద్య ఒక్కటే. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు పెడతాం. అది నాకి నాకి, దూడే అనుకుని పాలు చేపుతుంది. "బర్రె మొకం జూడది, వాసన జూస్తది. వీడు గూడ గంతే" అన్నాడు బాపు. అమ్మ రోజూ పాలు పితికేటప్పుడు కట్టే పాత చీర తీశాడు. పాలు, పేడ, చెమట, అన్నీ ఇంకిపోయిన చీర. దాన్ని గడ్డి మోపుకు చుట్టి, మనిషి కూర్చున్నట్టు కొట్టంలో పెట్టాడు. గాలి మూసీ వైపు వీస్తోంది, ఆ వాసన పట్టుకుని వాడే వస్తాడని బాపు ధీమా.

"గా గడ్డి ఎందుకయ్యా, నేనే కూసుంట. వాడు నన్ను కరవడు" అంది అమ్మ.

"దిమాక్ ఖరాబైందా నీకు? జంగ్లీకి అమ్మ లేదు, నాయిన లేదు. మెడ కొరుకుతడు!"

అమ్మ పోయి తలంటు పోసుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. "గిప్పుడేం స్నానమే అమ్మా?" అని కసిరాను.

"పోరడు ఇంటికొస్తుండు గదనే. పెండ చేతులతోని ఎట్ల ఎదురువోవాలె?"

పాలు పితికే వేళకు వచ్చాడు. గోడ మీద నుంచి నాలుగు కాళ్ల మీద దిగాడు. బర్రెలు బెదిరి అరిచాయి. వాడు వాటి వైపు చూడనైనా లేదు. చీర కొంగు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. మెల్లగా ఆ గడ్డి ఒడిలో తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అచ్చం ఇలాగే పడుకునేవాడు. నేను నోట్లో చున్నీ కుక్కుకున్నాను. బాపు వెనక నుంచి పోయి మెడకు తలుగు వేశాడు. ఇక ముడి పడటమే ఆలస్యం.

అమ్మ ఆగలేకపోయింది. "బిడ్డా!" అంటూ ఉరికింది. సబ్బు వాసన, పసుపు వాసన, పట్టుచీర గరగర. వాడు తలెత్తాడు. కన్నతల్లిని చూసి పళ్లు బయటపెట్టి గుర్రుమన్నాడు. ఒక్క గుంజుకు తలుగు బాపు అరచేతులు కోసుకుంటూ జారిపోయింది. వాడు గోడ దూకాడు.

బాపు తల బాదుకుంటూ కూలబడ్డాడు. అమ్మ గడ్డి మోపుకు చుట్టిన పాత చీరను విప్పి దీపం కిందికి తెచ్చి అంగుళం అంగుళం వెతికింది. ఎక్కడా ఒక్క పంటి గాటు లేదు. ఒడి దగ్గర మాత్రం తడిగా ఉంది.

"కరవలే సూడు. నన్నెందుకు కూసోనియ్యలే?"

బాపు కోసుకుపోయిన అరచేతులు చూసుకున్నాడు.

తెల్లారేసరికి అమ్మ ఆ చీర కట్టుకుని, అదే చోట, అదే గడ్డి మీద కూర్చుని ఉంది. బయట బండి చప్పుడైంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఉరుకు బిడ్డా, జరంత ఆగమను వాళ్లను. గాలి గటు మళ్లితే చాలు. వాసన తగిలితే వాడే వస్తడు."

ఉరికాను. బండి అప్పటికే పురానాపూల్ వైపు మళ్లింది.