చెప్పులు తొడుక్కోకుండా గ్రూపు దిగాను

బేరంలో నన్ను ఓడించే మనిషి ఇంకా పుట్టలేదని ఇరవై మూడేళ్ళు నమ్మాను. పుట్టాడని, పుట్టి కొత్తవలసలో డిగ్రీ రెండో సంవత్సరం వెలగబెడుతున్నాడని ఒక ఆదివారం పొద్దున్న తెలిసింది. ఆ రోజు నేను ఒక్క వేలితో నా చదువుని ఊడ్చిపెట్టబోయి, మా నాన్న కొట్లో ఒక అర మొత్తాన్ని ఎలా ఊడ్చిపెట్టానో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ, మా కొట్టుకొచ్చినప్పుడు మాత్రం ఈ ఊసెత్తకండి.

మాది బొబ్బిలిలో స్టీలు సామాన్ల కొట్టు. వీధిలోంచి మూడు మెట్లు. వచ్చినవాళ్ళు చెప్పులు కింద విడిచి ఎక్కుతారు, బేరం కుదరకపోతే 'వద్దులే' అని దిగుతారు. దిగినవాళ్ళను మా నాన్న వెనక్కి పిలవని రోజు నేను చూడలేదు. మెట్టు దిగడాన్ని మించిన అస్త్రం దేవతల దగ్గర కూడా లేదని నా సిద్ధాంతం.

విజయనగరంలో ఎమ్మే చివరి ఏడాది ప్రాజెక్టుకి, కుర్రకారు ఫోన్లలో ఎలా మాట్లాడుకుంటారో పరిశీలించమన్నారు మా మేడమ్. ఇరవై మంది, ఒకే వాట్సాప్ గ్రూపు, ఏడు రోజులు. పంతొమ్మిది మందికి, ఆరు రోజులకు ఒప్పుకోమని బేరం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఒక్కరు తగ్గినా సంతకం పెట్టను. వచ్చే ఏడు చూసుకుందాం" అన్నారు. వచ్చే ఏడు దాకా ఆగితే, జూన్ నుంచి ఇస్తామన్న లెక్చరరు ఉద్యోగం ఆగదు. అందుకే ఆ ఇరవై మంది నాకు ఇరవై గాజుగ్లాసుల్లా కనిపించేవారు. ఎవరు రెండు గంటలు మాట్లాడకపోయినా నా గుండె ఖణేల్‌మనేది.

ఆ ఇరవై మందినీ పోగుచేసింది ఆ కొత్తవలస కుర్రాడే, పైడిరాజు. వాడూ ఆ ఇరవైలో ఒకడే. అనుమతి కాగితాల మీద అందరి చేతా సంతకాలు పెట్టించాడు కాబట్టి గ్రూపులో నాతోపాటు వాణ్ణీ అడ్మిన్ని చేశాను. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఏమిటో అప్పటికి నేను పుస్తకాల్లోనే చదివాను. నాలుగు రోజులు మాటలు పలాస జీడిపప్పు బస్తా విప్పినట్టు దొర్లాయి. 'తిన్నావా', 'హ్మ్', 'ఏటి కూర', 'పప్పే', 'నవ్వకు', 'నవ్వనేదు'. నేను ప్రతి 'హ్మ్'నీ భాగవతం రాసుకున్నట్టు నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఐదో రోజు ఆదివారం. నేను ఇంటికొచ్చి కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చున్నాను. పైడిరాజు గ్రూపులో బాంబు పెట్టాడు.

"అక్కా, ఇరవై మందిమి ఏడు రోజులు మాటలిస్తన్నాం. మరి మాకు బిర్యానీ ఎప్పుడు?"

ఊరక రాయరు మహానుభావులు. సమోసా, టీ అని రాశాను. వాడు బిర్యానీ అన్నాడు. రెండు సమోసాలన్నాను. వాడు బిర్యానీ, కూల్‌డ్రింకు అన్నాడు. చూడండి, బేరంలో నేను దిగుతుంటే వాడు ఎక్కుతున్నాడు. మా వంశంలో ఇలాంటి అవమానం ఎవరికీ జరగలేదు. వెంటనే అస్త్రం తీశాను. 'అయితే వద్దులే' అని రాసి, గ్రూపులోంచి బయటకు వచ్చేశాను.

మొదటి ఐదు నిమిషాలు రాణీగారిలా కూర్చున్నాను. పది నిమిషాలకు ఫోన్ బోర్లా పెట్టాను. పదకొండో నిమిషానికి వెల్లకిలా తిప్పాను. సిగ్నల్ ఉంది. ఆపి మళ్ళీ వేశాను. నెట్ పనిచేస్తోందో లేదోనని మా పిన్నికి 'శుభోదయం' పెడితే, ఆవిడ గులాబీపువ్వుతో సహా జవాబిచ్చింది. పైడిరాజు మాత్రం ఉలకలేదు. మౌనం అర్ధాంగీకారమన్న పెద్దమనిషికి ఫోన్ లేదని అప్పుడర్థమైంది.

సరిగ్గా అప్పుడే మా కొట్లో ఒక మామ్మగారు స్టీలు బిందె బేరం తెగక, 'వద్దులే నాయనా' అని మెట్లు దిగింది. నాన్న వెంటనే, "రామ్మా, సివరి మాట సెప్తాను" అన్నాడు. మామ్మ ఎక్కింది, బిందె చంకనెట్టుకుని వెళ్ళింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిందెకున్న విలువ నాకు లేకపోయింది.

గంట గడిచింది. సిగ్గు విడిచి పైడిరాజుకి విడిగా రాశాను. "ఏం చేస్తున్నావురా?"

"అన్నం తింటన్నానక్కా."

"గ్రూపులో ఏంటి విశేషం?"

"ఏటీ నేదక్కా. నువ్వెల్లిపోనావని అందరికీ సెప్పినాను."

"మరి వెనక్కి పిలవలేదేంరా?"

"ఎల్లిపోనోల్లని పిలిస్తే బాగోదు కదక్కా. ఏదో ఇబ్బందుండి ఎల్లుంటావనుకున్నాం. నీ పనైపోనాదని ఆల్లూ ఎల్లిపోతన్నారు. మర్యాద కోసం."

నా గుండె మూడు మెట్లూ ఒకేసారి దిగింది. "ఎంతమంది ఉన్నారిప్పుడు?"

"నానొక్కన్నే. నానూ ఎల్లిపోనేటి?"

గ్రూపంతా ఇప్పుడు వాడొక్కడే. మిగిలిన పంతొమ్మిది మందినీ తెలిసినవాడూ వాడొక్కడే. ఫోన్ రెండు చేతులా పట్టుకుని, "ఆగరా బాబూ, కదలకు. బిర్యానీయే. కూల్‌డ్రింకు కూడా" అని రాశాను.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపట్లో అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఏమేం మొక్కానో ఆయనే లెక్కపెట్టుకోవాలి.

"అది పొద్దున్న రేటక్కా."

ఆ వాక్యం మా నాన్నది. మా తాతది. మా కొట్టు గోడలది. అది కొత్తవలస కుర్రాడి వేళ్ళలోకి ఎలా వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"మరి ఇప్పటి రేటేంటిరా?" అన్నాను.

"బిర్యానీ తింటాం సరే, మిగిలింది ఇంటికెందులో అట్టుకెల్తాం? మీది సామాన్ల కొట్టే కదేటి."

ఇరవై స్టీలు టిఫిన్ బాక్సులు. మూత ఉన్నవి, చుట్టూ క్లిప్పులున్నవి. సాయంత్రంలోగా వాడు నన్ను మళ్ళీ గ్రూపులో చేర్చి, పంతొమ్మిది మందినీ ఫోన్ చేసి మరీ లాక్కొచ్చాడు. గ్రూపు మళ్ళీ నిండింది, మా కొట్లో ఒక అర ఖాళీ అయింది. కారణం చెప్పక తప్పలేదు. మన కొట్లో చూసిన పద్ధతే పాటించాను, నన్నెవరూ పిలవలేదు అని నాన్నతో ఏడ్చాను.

నాన్న ఖాళీ అర వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. "ఒసే, నానెప్పుడు పిలుస్తానో సూసినావా? మెట్టు దిగినప్పుడు కాదే. కింద సెప్పులు తొడుక్కుంటారు సూడు, ఆ సేపట్లో. ఒక కాలెట్టి, రెండో కాలెట్టకుండా ఇటే సూస్తారు. బేరవంతా అక్కడే ఉన్నాది. నీ ఫోన్లో సెప్పులిడిసే సోటేదే?"

ఇరవై మూడేళ్ళు ఆ మెట్ల పక్కనే పెరిగి ఆ చెప్పులను నేను చూడలేదు. ఆ మాటే నా ప్రాజెక్టు చివర రాసుకున్నాను: ఫోన్లో వెళ్ళేవాళ్ళకు చెప్పులు తొడుక్కునే సేపు ఉండదు, అందుకే పిలిచేవాళ్ళకూ సందు దొరకదు. మేడమ్ ఆ వాక్యం కింద గీత గీసి, ఏ పుస్తకంలోదని అడిగారు. స్టీలు సామాన్ల కొట్టన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టారు.

కాబట్టి పాఠకులారా, అరసవల్లి దేవుడి సాక్షిగా, మా కొట్టు మూడు మెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ గ్రూపూ దిగను. మా పిన్ని గులాబీపువ్వుల గ్రూపులో ఉన్నాను, పాత అద్దెయింటి మోటారు గ్రూపులో ఉన్నాను, ఎవరిదో తెలియని పెళ్ళి గ్రూపులో కూడా ఉన్నాను. ఆ పెళ్ళికొడుక్కి మొన్ననే రెండో బిడ్డ పుట్టింది. పైడిరాజు గ్రూపు సంగతి చెప్పనే అక్కర్లేదు. నిన్న పొద్దున్నే వాడు అందులో రాశాడు: "అక్కా, బాక్సు మూత లూజుగా ఉన్నాది. మార్సి ఇస్తావేటి?"

చెప్పులు రెండూ తీసి దూరంగా పెట్టి, కుదురుగా కూర్చుని జవాబు రాశాను: "తీసుకురా నాయనా."

వాడు ఒక్కడే అనుకున్నాను. వరసగా పంతొమ్మిది మంది రాశారు: "నాదీ అక్కా."